మిర్చి తొడిమ యంత్రం లోపలి భాగాలు వీడియోలో చూపించేశాను. ఇప్పుడు పేటెంట్ వస్తుందా?

ఆటోనగర్ లేత్ · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. గుంటూరు ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లుగా చిన్న వర్క్‌షాపు నడుపుతున్నాను. ఒక లేత్, ఇద్దరు వెల్డర్లు, నేను.

ఎండు మిర్చి ఎగుమతికి కొనేవారిలో చాలామంది తొడిమ లేని కాయ అడుగుతారు. ఆ తొడిమలు ఇప్పటికీ కోల్డ్ స్టోరేజీల పక్కన షెడ్లలో ఆడవాళ్లే కూర్చుని చేతులతో తీస్తారు. మా అమ్మ కూడా తీసింది. ఇంటికొచ్చాక మంట తగ్గడానికి రెండు చేతులూ మజ్జిగ గిన్నెలో పెట్టుకుని కూర్చునేది, అన్నం మేమే కలిపి పెట్టేవాళ్లం. ఆ బాధ చూసే ఈ పనిలోకి దిగాను. నాలుగేళ్లు తంటాలు పడితే, కాయ విరక్కుండా తొడిమ మాత్రమే ఊడే యంత్రం ఒకటి కుదిరింది.

జనవరిలో ఒక రైతు మేళాలో పెట్టాను. యూట్యూబ్ ఛానల్ కుర్రాడు ఒకడు వచ్చాడు. నేనే మూత తీసి, లోపలి డ్రమ్ము చూపించి, ఏది ఎందుకు పెట్టానో పూసగుచ్చినట్టు చెప్పాను. రెండు లక్షల మంది చూశారు. చుట్టాలందరికీ పంపుకుని మురిసిపోయాను.

పోయిన నెల మా రైతు ఒకాయన కరపత్రం తెచ్చి ఇచ్చాడు. అచ్చం నా యంత్రమే, రంగు తప్ప తేడా లేదు. నాది లక్షా నలభై వేలు, వాళ్లది లక్షా పది. పైగా కరపత్రం మీద 'పేటెంట్ పొందినది' అని పెద్ద అక్షరాలతో ఉంది.

ఇప్పుడు నాకు పేటెంట్ వస్తుందా? చిన్న పరిశ్రమలకు ఆ ఖర్చు ప్రభుత్వమే ఇస్తుందని, దానికి జాతీయ విధానం కూడా ఉందని పేపర్లో చదివాను. ఎవరిని అడగాలో తెలిసినవారు చెప్పండి.

సందేహాలరావు · సోమవారం, రాత్రి 10:05

పేపర్లో చదివారా? అయితే పేపర్లోనే ఉంటుంది.

జాతీయ మేధో సంపత్తి హక్కుల విధానాన్ని, అంటే పేటెంట్లు, ట్రేడ్‌మార్కుల లాంటివాటి విధానాన్ని, కేంద్ర మంత్రివర్గం 2016 మే 12న ఆమోదించింది. ఏడు లక్ష్యాలు, ఒక నినాదం. ఏడింటిలో మొట్టమొదటిది అవగాహన కల్పించడం. లేత్ మీద బతికే మనిషికి మూత తీసి రెండు లక్షల మందికి చూపించాక గాని పేటెంట్ మాట గుర్తుకు రాలేదంటే ఆ అవగాహన ఏ ఊరి పొలిమేరలో ఆగిపోయిందో ఊహించుకోండి. మీ తప్పు అనడం లేదు అన్నగారూ. మేళా పెట్టినవాళ్లు టెంటుకీ మైకుకీ డబ్బు పెట్టారు కదా, 'లోపల చూపించే ముందు ఒక దరఖాస్తు వేసుకోండి' అని గేటు దగ్గర ఒక బోర్డు పెట్టడానికి ఎంతవుతుంది?

డల్లాస్ గోదావరి · సోమవారం, రాత్రి 11:30

కంగారు పడకండి. నేను ఇక్కడ టెక్సాస్‌లో యంత్రాల డిజైన్ పనిలోనే ఉన్నాను. కనిపెట్టినవారే బయటపెడితే ఆ రోజు నుంచి దరఖాస్తుకు ఏడాది గడువు ఉంటుంది. మీరు చూపించింది జనవరిలో కాబట్టి ఇంకా సగం ఏడాది చేతిలో ఉంది.

ఫారం 28 · మంగళవారం, ఉదయం 6:50

డల్లాస్ గారు చెప్పింది అమెరికా చట్టం. దాన్ని ఇక్కడ నమ్ముకుని నా దగ్గరికి ఆలస్యంగా వచ్చినవాళ్లు నెలకు ఒకరైనా ఉంటారు. నేను చెన్నైలో పేటెంట్ ఏజెంటును, మన రెండు రాష్ట్రాల దరఖాస్తులూ చెన్నై కార్యాలయం పరిధిలోకే వస్తాయి.

మన చట్టంలో అలాంటి సాధారణ గడువు లేదు. దరఖాస్తు వేసిన నాటికి ఆ విషయం లోకానికి తెలిసి ఉండకూడదు. మినహాయింపులు కొద్దిగా ఉన్నాయి. సెక్షన్ 31 ప్రకారం ప్రదర్శనలో పెట్టినా పన్నెండు నెలల్లోపు దరఖాస్తు వేయవచ్చు, అయితే ఆ ప్రదర్శనకు ఈ వెసులుబాటు ఉందని కేంద్రం గెజిట్‌లో ప్రకటించి ఉండాలి. ఊళ్లో జరిగే రైతు మేళాకు అది ఉంటుందని ఆశ పెట్టుకోకండి. సెక్షన్ 29 కింద, మీ అనుమతి లేకుండా ఎవరైనా బయటపెడితే రక్షణ ఉంది. ఇక్కడ మూత తీసింది మీరే, కెమెరాకు వివరించింది మీరే.

కాబట్టి వీడియోలో కనబడిన యంత్రానికి దారి మూసుకుపోయినట్టే. ఆ కరపత్రం వాళ్లకూ అదే వర్తిస్తుంది. మీ వీడియో తర్వాత వాళ్లు దరఖాస్తు వేసి ఉంటే ఆ వీడియోనే వాళ్ల మెడకు ఉరి.

ఒక్క ప్రశ్న. వీడియో తర్వాత యంత్రంలో ఏమైనా మార్చారా? అవును, కాదు అని మాత్రమే చెప్పండి.

ఆటోనగర్ లేత్ · మంగళవారం, ఉదయం 8:15

*[సభ్యుని కోరికపై ఈ టపాను తొలగించాం. – నిర్వాహకుడు]*

ఫారం 28 · మంగళవారం, ఉదయం 8:24

అయ్యా, ఆపండి! అవును, కాదు అని మాత్రమే అన్నాను కదా! ఇది ఎవరైనా చదవగల వేదిక. ఇక్కడ రాయడం కూడా బయటపెట్టడమే. నిర్వాహకులు వెంటనే ఆ టపా తీసేయాలి.

నిర్వాహకుడు · మంగళవారం, ఉదయం 8:26

తీసేశాం. పదకొండు నిమిషాలు ఉంది. ఆ సమయంలో లాగిన్ అయి ఉన్నది మీరిద్దరూ, ఊరగాయ జాడీ గారూ మాత్రమే. బయటివారు ఎవరూ ఈ పేజీ తెరవలేదు.

ఊరగాయ జాడీ · మంగళవారం, ఉదయం 8:31

నేను చదివాను గాని నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఒట్టు. ఏదో స్ప్రింగు అని గుర్తుంది, అదీ మరిచిపోతాను.

సందేహాలరావు · మంగళవారం, ఉదయం 8:33

అమ్మా, స్ప్రింగు అని మళ్లీ రాశారు.

నిర్వాహకుడు · మంగళవారం, ఉదయం 8:40

యంత్రం గురించి ఇక ఎవరూ ఏమీ రాయవద్దు. మిగతా చర్చ కానివ్వండి.

ఆటోనగర్ లేత్ · మంగళవారం, మధ్యాహ్నం 1:10

క్షమించండి. తెలియక రాసేశాను, చెయ్యి ఊరుకోలేదు. సమాధానం: అవును. మార్చాను. ఆ మార్పు తర్వాతే కాయ విరగడం బాగా తగ్గింది. అది వీడియోలో లేదు, కరపత్రం వాళ్ల యంత్రంలోనూ లేదు.

ఫారం 28 · మంగళవారం, రాత్రి 8:05

అయితే కథ ఇంకా ఉంది. ఆ మార్పు వరకు ప్రొవిజినల్ దరఖాస్తు, అంటే తాత్కాలిక వివరణతో వేసేది, వెంటనే వేయండి. తేదీ మీ పేరున పడుతుంది, పూర్తి వివరణ ఇవ్వడానికి పన్నెండు నెలలు దొరుకుతాయి. ఆ మార్పు ఎవరికైనా తట్టేది కాదని, దానివల్ల ఫలానా ఫలితం వచ్చిందని చూపించాలి. కాబట్టి ఈ వారమే పాత డ్రమ్ముతో ఒక బస్తా, కొత్త డ్రమ్ముతో ఒక బస్తా ఆడించి, విరిగిన కాయను విడివిడిగా తూకం వేసి, తేదీతో పుస్తకంలో రాసిపెట్టుకోండి. కాయ రకం, తేమ కూడా రాయండి. తేజ ఒకలా విరుగుతుంది, బాడిగ ఒకలా. పేటెంట్ కార్యాలయం పరిశీలకుడి ముందు మాటకంటే తూకం బాగా పనిచేస్తుంది.

ఖర్చు సంగతి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు రుసుము మీకు 1,600 రూపాయలు, పెద్ద కంపెనీకి 8,000. దరఖాస్తును త్వరగా పరీక్షించమని అడిగితే మీకు 8,000, వాళ్లకు 60,000. దానికోసం ముందుగా ప్రచురించమని కోరడానికి మీకు 2,500, వాళ్లకు 12,500. మొత్తం కూడితే మీకు 12,100, వాళ్లకు 80,500. మామూలు వరుసలో వెళ్తే మీకు ఇంకా తక్కువ.

ఒక మెలిక ఉంది. వ్యక్తిగా వేసినా, ఉద్యం పత్రం, అంటే చిన్న పరిశ్రమగా నమోదైనట్టు ఇచ్చే పత్రం, జతచేసి చిన్న సంస్థగా వేసినా దరఖాస్తు రుసుము 1,600 మాత్రమే. కానీ త్వరిత పరీక్ష అడిగే అర్హత చిన్న సంస్థకు ఉంది, మామూలు పురుష దరఖాస్తుదారుకు లేదు. మహిళ అయితే ఉంది. అందుకే ఉద్యం పత్రంతో, చిన్న సంస్థనని చెప్పుకునే ఫారం 28 పెట్టండి. నా పేరు వెనక రహస్యం అదే.

పాత ఫైలు · మంగళవారం, రాత్రి 9:30

నేను పరిశ్రమల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. సందేహాలరావు గారు విధానాన్ని ఒక్క వాక్యంతో తీసిపారేశారు. ఏజెంటు గారు చెప్పిన 1,600 ఆకాశం నుంచి ఊడిపడలేదు. 2014కు ముందు రుసుములో చిన్న పరిశ్రమ అనే వరుసే లేదు. వ్యక్తికి ఒక ధర, మిగిలిన అందరికీ ఒక ధర. మీ వర్క్‌షాపూ బహుళజాతి కంపెనీ ఒకే గాటన ఉండేవి. 2014లో మధ్యలో వరుస పెట్టి 4,000 చేశారు. 2016లో స్టార్టప్‌లకు 1,600 వచ్చింది. చిన్న పరిశ్రమలకు కూడా అదే ధర కావడానికి 2020 నవంబరు దాకా పట్టింది. త్వరిత పరీక్ష చిన్న సంస్థలకు, మహిళలకు 2019లో వచ్చింది.

డబ్బు తిరిగి ఇచ్చే పథకం కూడా ఉంది. 2022 మార్చిలో చిన్న పరిశ్రమల కోసం మొదలైన ఎంఎస్‌ఎంఈ ఇన్నోవేటివ్ పథకంలో మేధో సంపత్తి ఒక భాగం. నేను చూసిన మార్గదర్శకాల ప్రకారం దేశీయ పేటెంటుకు లక్ష రూపాయల వరకు, విదేశీ పేటెంటుకు ఐదు లక్షల వరకు, డిజైనుకు 15,000, ట్రేడ్‌మార్కుకు 10,000 వరకు తిరిగి ఇస్తారు.

ఆటోనగర్ గారూ, మీది సొంత యాజమాన్యం, వయసు ఇరవై ఏళ్లు. కాబట్టి స్టార్టప్ గుర్తింపు కోసం తిరగకండి, రాదు. స్టార్టప్‌లకు ఏజెంటు ఖర్చు ప్రభుత్వమే భరించే పథకం వేరే ఉంది, అది ఆ గుర్తింపు ఉన్నవాళ్ల కోసం. మీ దారి ఉద్యం దారి.

సందేహాలరావు · మంగళవారం, రాత్రి 10:12

> తిరిగి ఇస్తారు

పెద్దాయనా, అసలు కీలకం ఆ 'తిరిగి' అన్న మాటలో ఉంది. ముందు మనం పెట్టాలి. పేటెంట్ మంజూరయ్యాక అడగాలి. మధ్యలో ఏజెంటుకు, బొమ్మలు గీసినవారికి, అభ్యంతరాలకు జవాబు రాసినవారికి ఇచ్చేది ఎవరి జేబు? పెళ్లయ్యాక కట్నం వాపసు ఇస్తామన్నట్టుంది.

ఇక స్టార్టప్, చిన్న పరిశ్రమ తేడా. ఐదేళ్ల కిందట యాప్ పెట్టిన కుర్రాడికి ఏజెంటు ఖర్చు ప్రభుత్వానిది. ఇరవై ఏళ్లు పన్ను కట్టిన లేత్ మాస్టారుకు రశీదులు దాచుకోమని సలహా.

పాత ఫైలు · బుధవారం, ఉదయం 7:00

ఆ తేడా నాకూ నచ్చలేదు, ఒప్పుకుంటాను. కానీ ఏమీ జరగలేదనడం తప్పు. 2014-15లో దేశంలో వేసిన పేటెంట్ దరఖాస్తులు 42,763. 2023-24లో 92,168. ఆ ఒక్క ఏడాదే లక్షకు పైగా మంజూరయ్యాయి. వేసేవాళ్లలో సగానికి పైగా ఇప్పుడు మన దేశం వాళ్లే. ఒకప్పుడు విదేశీ కంపెనీలదే మెజారిటీ.

సందేహాలరావు · బుధవారం, ఉదయం 7:25

ఆ పెరుగుదలలో కాలేజీల వాటా కూడా చెప్పండి మరి. 2021లో విద్యాసంస్థలకూ ఎనభై శాతం తగ్గింపు ఇచ్చారు. జాతీయ ర్యాంకుల లెక్కలో పేటెంట్లకు మార్కులున్నాయి. మా బంధువుల అబ్బాయి చదివే ఇంజనీరింగ్ కాలేజీలో ప్రతి విభాగం ఏడాదికి ఇన్ని దరఖాస్తులు వేయాలని కోటా. స్మార్ట్ చెత్తకుండీ మీదే నాలుగు వేశారట. చెత్త మాత్రం ఎప్పటిలాగే గోడ పక్కన.

లక్ష పేటెంట్లలో వర్క్‌షాపు నేల మీద నిజంగా తిరుగుతున్నవి ఎన్ని అన్నది నా ప్రశ్న. పేటెంటును వాడుతున్నారా లేదా అని చెప్పే ఫారం 27 ఏటా ఇవ్వాల్సి ఉండేది. 2024 మార్చి నిబంధనలతో మూడేళ్లకు ఒకసారి చేశారు.

ఫారం 28 · బుధవారం, ఉదయం 7:41

మూడేళ్లకు ఒకసారి చేయడం చిన్నవాళ్లకు మేలే సార్. ఏటా ఆ ఫారం మరిచిపోయి భయపడేవాళ్లు నా దగ్గర బోలెడుమంది. మిగతా విషయాల్లో మీతో పోట్లాడను.

ఆరిన పొయ్యి · బుధవారం, రాత్రి 9:15

ఈ వేదికలో ఎప్పుడూ చదవడమే తప్ప రాయలేదు. ఈరోజు రాయక తప్పలేదు. మాది నిజామాబాద్ వైపు. పసుపు కొమ్ములు ఆవిరితో ఉడికించే యంత్రం చేశాను. ట్రాక్టరు వెనక కట్టుకుని పొలానికే తీసుకెళ్లేది. మధ్యలో బాయిలరు, చుట్టూ నాలుగు డ్రమ్ములు. ఒకటి ఉడుకుతుంటే ఇంకొకటి నింపుకోవచ్చు.

తక్కువకు చేస్తానన్న ఒకాయనకు ఇచ్చాను. దరఖాస్తు రాశాడు. ఆరో ఏట పేటెంట్ వచ్చింది. సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి పూజగదిలో పెట్టాను. తర్వాతి సీజనులోనే పక్క జిల్లాలో ఒకరు అదే యంత్రం మూడు డ్రమ్ములతో చేసి అమ్మడం మొదలుపెట్టారు. పెద్ద లాయరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన నా పేటెంట్ కాగితం రెండు నిమిషాలు చదివి, క్లెయిము, అంటే హక్కు ఎంతవరకో చెప్పే వాక్యం, దగ్గర వేలు పెట్టి చూపించాడు. 'నాలుగు డ్రమ్ములు గల' అని రాసి ఉంది. బాయిలరు నుంచి డ్రమ్ముకు ఆవిరి మళ్లించే పద్ధతిలో ఉంది నా తెలివంతా. దాన్ని వదిలేసి డ్రమ్ములు లెక్కపెట్టాడు, మహానుభావుడు.

అంతటితో అయిపోలేదు. పేటెంట్ నిలుపుకోవడానికి ఏటా కట్టే రుసుము ఒకటుందట, దరఖాస్తు వేసిన నాటి నుంచి లెక్కేసి మూడో ఏడాది మొదలు పోగుపడినదంతా పేటెంట్ వచ్చాక మూడు నెలల్లో కట్టాలట, ఆలస్య రుసుముతో ఇంకో ఆరు నెలలు. ఆ నోటీసులన్నీ ఆయన ఈమెయిలుకు వెళ్లాయి. ఆయన ఆ పనే మానేసి వేరే వ్యాపారంలోకి వెళ్లాడు. నాకు తెలిసేసరికి పేటెంట్ రద్దయింది. పునరుద్ధరణకు పద్దెనిమిది నెలల గడువుంటుందని, అదీ దాటిపోయిందని ఒకేరోజు తెలిసింది. ఫ్రేము ఇంకా పూజగదిలోనే ఉంది. తీస్తే మా ఆవిడ ఎందుకని అడుగుతుంది.

రుసుము 1,600 అయినా 16 రూపాయలైనా నాకు తేడా లేదు. నాకు కావలసిందల్లా ఆ ఒక్క వాక్యం సరిగ్గా రాసే మనిషి.

ఫారం 28 · గురువారం, ఉదయం 6:30

ఈ టపా రెండుసార్లు చదివాను. మా వృత్తిలో ఉన్నవాణ్ని కాబట్టి సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

క్లెయిము అంటే పొలానికి వేసే గట్టు లాంటిది. యంత్రం వివరణ ఎన్ని పేజీలైనా ఉండనీయండి, హక్కు ఆ గట్టు లోపలి భూమికే. నాలుగు డ్రమ్ములు అని రాస్తే మూడు డ్రమ్ములవాడు గట్టు బయట నిలబడి నవ్వుతాడు. 'కనీసం ఒక డ్రమ్ము' అని మొదటి క్లెయిములో రాసి, నాలుగు డ్రమ్ముల సంగతి కింద అనుబంధ క్లెయిములో పెట్టాలి. ఇది బ్రహ్మవిద్య కాదు. కానీ వర్క్‌షాపుకు వెళ్లి, యంత్రం తిరుగుతుంటే చూసి, 'దీంట్లో ఏది తీసేస్తే యంత్రం పనిచేయదు?' అని పదిసార్లు అడగాలి. దానికి రెండు రోజులు పడుతుంది. చవకలో చేసే ఏజెంటు ఆ రెండు రోజులు ఇవ్వడు. ఫోటోలు వాట్సాప్‌లో తెప్పించుకుని సాయంత్రానికి రాసేస్తాడు. పథకాల కింద ఇచ్చే పారితోషికాలు చూసి అనుభవం ఉన్నవాళ్లు చాలామంది అటువైపు వెళ్లరు. నేనూ వెళ్లలేదు.

రుసుము తగ్గించడం జీవో అంత తేలిక, కలంపోటు చాలు. తెలుగులో మాట్లాడి, గ్రీజు అంటిన చేతిని పట్టుకుని, ఇంగ్లిషులో గట్టు వేసిపెట్టే వెయ్యి మందిని తయారుచేయాలంటే ఏళ్లు పడుతుంది. విధానంలో ఏడో లక్ష్యం మానవ వనరులు, శిక్షణ. అది చివరన ఉండటం యాదృచ్ఛికం కాదేమో.

గడువు తేదీలు మీరే క్యాలెండరులో రాసుకోండి, ఏజెంటును నమ్మకండి, నన్నయినా సరే. పేటెంట్ నిలుపుకునే రుసుము ఇప్పటి లెక్కలో మూడు నుంచి ఆరో ఏడాది దాకా ఏటా 800, తర్వాత పదో ఏడాది దాకా 2,400, పదిహేను దాకా 4,800, ఇరవై దాకా 8,000. మొత్తం ఇరవై ఏళ్లకు 76,800. నాలుగేళ్లది ఒకేసారి ఆన్‌లైన్‌లో కడితే ఇప్పుడు పది శాతం తగ్గింపు కూడా ఉంది.

నేతగూడు · గురువారం, మధ్యాహ్నం 12:20

మా పోచంపల్లి వైపు మంచి కథ కూడా ఉంది. ఆరో తరగతితో చదువు ఆపేసిన చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేశారు. ఆసు అంటే తెలియనివారికి: చీరకు రంగు అద్దే ముందు దారాన్ని కొయ్య మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పాలి. ఒక చీరకు సుమారు తొమ్మిది వేల సార్లు చెయ్యి ఊగాలి. మా నాయనమ్మ కుడి భుజం ఎడమ భుజంకంటే కిందికి జారి ఉండేది. మల్లేశం గారు తన తల్లి భుజం నొప్పి చూసి మొదలుపెట్టి 1999 నాటికి యంత్రం పూర్తిచేశారు, ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఆయనకు పల్లె సృజన, జాతీయ ఆవిష్కరణల సంస్థ లాంటివి తోడు నిలిచాయి. అంటే ఏజెంటు గారు చెప్పిన 'వచ్చి చూసి అడిగే మనుషులు' అక్కడ దొరికారు. ఆటోనగర్ గారు కూడా వాళ్లను ఒకసారి కలిస్తే మంచిది. అయితే ఈసారి మూత వేసి ఉంచండి.

ఊరగాయ జాడీ · గురువారం, సాయంత్రం 4:45

నేనూ ఒక మాట చెప్పవచ్చా? మాది రాజమహేంద్రవరం. నాకు పేటెంట్లు తెలియవు గాని ట్రేడ్‌మార్కుతో చెయ్యి కాలింది. కారప్పొడులతో మొదలుపెట్టి, మా బ్రాండు పేరు 30వ తరగతిలో రిజిస్టరు చేయించుకున్నాను. ఊరగాయలు కూడా అదే పేరుతో అమ్మాను, పొడులైనా పచ్చళ్లయినా తిండే కదా అనుకున్నాను. పచ్చళ్లు 29వ తరగతట. నా పేరు చూసి ఇంకొకరు అందులో దరఖాస్తు పెట్టేశారు. తరగతికి 4,500 రూపాయలు. ఆ 4,500 మిగుల్చుకోబోయి రెండేళ్లుగా వ్యతిరేకత పిటిషన్ చుట్టూ తిరుగుతున్నాను. మామిడికాయల కాలంలో విచారణ తేదీలు పడతాయి, అదేం ఖర్మో.

ఆటోనగర్ తమ్ముడూ, యంత్రానికి పేరుందా? రైతులు పేరుతోనే కదా అడుగుతారు. ముందు ఆ పేరు రాయించుకో.

ఫారం 28 · గురువారం, సాయంత్రం 5:30

ఊరగాయ గారి సలహా ఈ చర్చలో అన్నిటికంటే చవకైనది, బహుశా అన్నిటికంటే లాభమైనది కూడా. పేటెంట్ ఇరవై ఏళ్లకు పోతుంది. ట్రేడ్‌మార్కు పదేళ్లకోసారి కట్టుకుంటూ పోతే మనవళ్ల దాకా ఉంటుంది. యంత్రాలకు 7వ తరగతి.

డల్లాస్ గోదావరి · గురువారం, రాత్రి 11:50

మొన్న తప్పుగా చెప్పినందుకు క్షమించండి. ఒక సందేహం. జర్మనీ, జపాన్, చైనాల్లో చిన్న మెరుగుదలలకు యుటిలిటీ మోడల్ అని చిన్న పేటెంట్ ఉంది. తక్కువ కాలం, తక్కువ తనిఖీ. జర్మనీలో 1891 నుంచీ ఉంది. ఇలాంటి వర్క్‌షాపు మార్పులకు అదే సరిపోతుంది కదా. మన దగ్గర ఎందుకు లేదు?

పాత ఫైలు · శుక్రవారం, ఉదయం 6:45

2011లో కేంద్రం దానిమీద చర్చాపత్రం పెట్టింది. చట్టం మాత్రం రాలేదు. తనిఖీ లేకుండా హక్కు ఇస్తే ఎవరు పడితే వారు పాత యంత్రానికే చిన్న హక్కు తెచ్చుకుని పక్క వర్క్‌షాపును బెదిరిస్తారన్నది భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు. మన దగ్గర బోర్డు పెట్టి బెదిరించేవాళ్లకు కొరతా?

సందేహాలరావు · శుక్రవారం, ఉదయం 7:10

మొదటిసారి మీతో ఏకీభవిస్తున్నాను, తేదీ రాసుకోండి. బోర్డు అంటే గుర్తొచ్చింది, ఆ కరపత్రం మీద 'పేటెంట్ పొందినది' అన్న మాట సంగతేమిటి? ఎవరైనా వెతికారా?

ఫారం 28 · శుక్రవారం, ఉదయం 9:00

వెతికాను. ఆటోనగర్ గారు కరపత్రం ఫోటో విడిగా పంపారు. పేటెంట్ కార్యాలయం వారి ఐపీ ఇండియా వెబ్‌సైటులో ఉచితంగా వెతకవచ్చు, కంపెనీ పేరుతోనూ యంత్రం వివరంతోనూ చూశాను. మంజూరైనది ఏదీ కనబడలేదు. దరఖాస్తు వేసి ఉంటే పద్దెనిమిది నెలలదాకా బయటికి రాకపోవచ్చు. కానీ దరఖాస్తు వేయడం వేరు, పొందడం వేరు. లేని పేటెంట్ ఉందని వస్తువు మీద రాసి అమ్మితే సెక్షన్ 120 కింద పది లక్షల రూపాయల దాకా జరిమానా. వాళ్లకు మర్యాదగా ఒక ఉత్తరం రాస్తున్నాం: మీ పేటెంట్ నంబరు దయచేసి తెలియజేయగలరు. అంతే. ఒక్క వాక్యం.

ఒకవేళ వాళ్ల దరఖాస్తు బయటపడితే, మంజూరుకు ముందే ఎవరైనా వ్యతిరేకత వేయవచ్చు. జనవరి నాటి వీడియోను దానికి జతచేస్తే చాలు. పేటెంట్ పోగొట్టిన వీడియో అలా అయినా పనికొస్తుంది. దాన్ని మాత్రం తీసేయకండి.

ఆటోనగర్ లేత్ · మరుసటి బుధవారం, రాత్రి 10:20

పెద్దలందరికీ నమస్కారం. నిన్న దరఖాస్తు వేశాం. 1,600 కట్టిన రశీదు వచ్చింది. ఏజెంటు గారు ఆదివారం చెన్నై నుంచి వచ్చి రోజంతా షెడ్డులో కూర్చున్నారు. మిర్చి ఘాటుకు తుమ్ముతూనే ఉన్నారు. ఇది తీసేస్తే ఏమవుతుంది, అది తీసేస్తే ఏమవుతుంది అని అడిగి అడిగి నా ప్రాణం తీశారు. నేను ముఖ్యం అనుకున్నది ముఖ్యం కాదని సాయంత్రం నాలుగింటికి తేలింది.

పేరుకు కూడా దరఖాస్తు పెట్టాం అక్కా, 7వ తరగతిలో. కరపత్రం కంపెనీ నుంచి జవాబు రాలేదు. కొత్త కరపత్రంలో మాత్రం ఆ 'పేటెంట్' మాట కనబడటం లేదని రైతు చెప్పాడు.

ఇంకొకటి. ఈ మార్పు ఆలోచన మొదట ఎవరికి వచ్చిందని ఏజెంటు గారు అడిగారు. నిజం చెప్పాలి కాబట్టి చెప్పాను, మా చిన్న వెల్డరుది. టీ తాగుతూ అన్నాడు, నేను మొదట కసిరాను కూడా. అలాగైతే ఆవిష్కర్తగా అతని పేరూ ఉండాలన్నారు. సంతకం పెట్టమంటే గ్లవ్‌సు తీసి, చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చి, "నా పేరు ఢిల్లీకి పోతుందా అన్నా?" అన్నాడు. చెన్నైకి అని చెప్పాను. కాస్త నిరాశపడ్డాడు.

ఊరగాయ జాడీ · బుధవారం, రాత్రి 10:48

చాలా సంతోషం తమ్ముడూ. మాకు కారానికి నెలకు పది బస్తాల కాయ పడుతుంది, తొడిమలు తీసే మనుషులు దొరకడం లేదు. ఆ కొత్త యంత్రం గంటకు ఎన్ని కిలోలు ఆడుతుంది? విత్తనం రాలుతుందా? లోపల ఎలా ఉంటుంది?

ఆటోనగర్ లేత్ · బుధవారం, రాత్రి 10:55

ఫోను నంబరు విడిగా పంపండి అక్కా. ఇక్కడ రాయను.